రాని పిల్లల లెక్క

కరోనా ఏళ్లలో పిల్లల వార్డులు కొత్త జబ్బు కోసం మంచాలు పరిచి ఎదురుచూశాయి. పాత జబ్బులతో ఇంటి దగ్గరే ఆగిపోయిన పిల్లల సంగతి ఆలస్యంగా తెలిసింది.

2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో చాలా దేశాల పిల్లల డాక్టర్లకు ఒక వింత పరిస్థితి ఎదురైంది. పక్క బ్లాకులో పెద్దల వార్డులు కిటకిటలాడుతున్నాయి, మంచాలు చాలక రోగులు వరండాల్లో ఉన్నారు. పిల్లల ఓపీలో మాత్రం బెంచీలు ఖాళీ. ఇటలీలో పిల్లల ఎమర్జెన్సీకి వచ్చేవాళ్లు అంతకు ముందు రెండేళ్లతో పోలిస్తే 73 నుంచి 88 శాతం దాకా తగ్గిపోయారు. దీనికి అందరికీ తోచిన అర్థం ఒకటే. వైరస్ పిల్లల జోలికి పెద్దగా పోవడం లేదు, బడులు మూతపడ్డాయి కాబట్టి జలుబులూ దగ్గులూ అంటుకోవడం లేదు, రోడ్ల మీద బండ్లు లేవు కాబట్టి ప్రమాదాలూ లేవు. అందులో చాలావరకు నిజమే. అయితే అదే మార్చిలో 23 నుంచి 27 దాకా, ఒక్క వారంలో, ఇటలీలోని అయిదు ఆస్పత్రులకు పన్నెండు మంది పిల్లలు జబ్బు బాగా ముదిరాక వచ్చారు. షుగరు ముదిరి ప్రాణం మీదకు వచ్చినవాళ్లు ఉన్నారు, రక్త క్యాన్సర్‌తో వచ్చినవాళ్లు ఉన్నారు. ఆస్పత్రికి వెళ్తే కరోనా అంటుకుంటుందని తల్లిదండ్రులు వెనకాడిన పిల్లలే వీళ్లంతా. సగం మందిని ఐసీయూలో పెట్టాల్సి వచ్చింది. నలుగురు దక్కలేదు.

బ్రిటన్‌లో అదే ఏప్రిల్‌లో నాలుగు వేల మందికి పైగా పిల్లల వైద్యులను వాకబు చేశారు. రావాల్సిన వేళకు రాకుండా ఆలస్యంగా వచ్చిన పిల్లలను చూశామని ఎమర్జెన్సీ విభాగాల డాక్టర్లలో 32 శాతం చెప్పారు. తొమ్మిది మరణాల్లో ఆలస్యం కూడా ఒక కారణమన్నారు. ఆలస్యంగా వచ్చిన జబ్బుల్లో అన్నిటికంటే ముందున్నది కొత్తగా బయటపడిన టైప్-1 షుగరు. ఈ జబ్బు చెప్పకుండా రాదు. బిడ్డ చెంబులకు చెంబులు నీళ్లు తాగుతాడు, మాటిమాటికీ ఒంటికి వెళ్తాడు, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది, కొద్ది వారాల్లో చిక్కి సగమవుతాడు. అప్పుడే చూపిస్తే ఇన్సులిన్‌తో నిలబడతాడు. వదిలేస్తే రక్తంలో ఆమ్లం పెరిగి, ఆయాసంతో, మగతతో వస్తాడు. జర్మనీలో 2020 మార్చి మధ్య నుంచి మే మధ్య దాకా కొత్తగా షుగరు బయటపడిన పిల్లల్లో ఈ స్థితిలో వచ్చినవాళ్లు 44.7 శాతం. అంతకు ముందు ఏడాది అవే రెండు నెలల్లో 24.5 శాతమే. ఆ నెలల్లో జర్మనీ ఆస్పత్రులు ఇటలీలో లాగా మునిగిపోలేదు. మంచాలు ఉన్నాయి, డాక్టర్లు ఉన్నారు, ఇన్సులిన్ ఉంది. బిడ్డే రాలేదు.

మహమ్మారి వచ్చినప్పుడు ఆస్పత్రిలో ఏ విభాగానికైనా రెండు పనులు మీద పడతాయి. కొత్త జబ్బుకు చోటు చేయడం ఒకటి, పాత జబ్బులకు దారి మూసుకుపోకుండా చూడడం మరొకటి. పెద్దల విభాగంలో మొదటి పనే భారీగా ఉంటుంది, కరోనాలో అలాగే ఉంది కూడా. పిల్లల విభాగంలో ఈ తూకం తిరగబడుతుంది. అక్కడ వైరస్ తెచ్చిపెట్టిన రోగుల కంటే వైరస్ భయం ఆపేసిన రోగులు ఎక్కువ. కాబట్టి పిల్లల విభాగం సన్నద్ధతను మంచాల లెక్కతో, వెంటిలేటర్ల లెక్కతో కొలవడం తప్పు కొలత. గత ఏడాది ఇదే వారం ఎంతమంది వచ్చారు, ఈ వారం ఎంతమంది వచ్చారు, ఆ తేడాలో ఉన్న పిల్లలు ఎక్కడున్నారు అన్నది అసలు లెక్క. ఈ లెక్క రోజువారీ బులెటిన్లలో కనిపించలేదు. రోజూ సాయంత్రం ఎన్ని మంచాలు ఖాళీగా ఉన్నాయో చెప్పారు. ఆ ఖాళీని చూసి ఊరట పడ్డాం.

పెద్దల వైద్యంలో చాలావాటిని నాలుగు నెలలు వాయిదా వేయవచ్చు. మోకాలి ఆపరేషన్ వచ్చే ఏడాది చేయించుకోవచ్చు. పిల్లల జబ్బులకు గడువులు ఉంటాయి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ కంటి లోపలి పొరను పుట్టిన ముప్పై రోజుల లోపు పరీక్షించాలన్నది మన దేశంలో పాటించే నియమం. ఆ పొర పాడవుతుంటే లేజర్ వేసి చూపు కాపాడే వ్యవధి చాలా చిన్నది. అది దాటితే ఎంత పెద్ద డాక్టరూ చేయగలిగింది తక్కువ. పుట్టిన వారంలో వచ్చే పచ్చకామెర్లు ముదిరితే మెదడుకు దెబ్బ, దాన్ని ఆపగలిగే నీలి దీపం కాంతి చాలావరకు జిల్లా ఆస్పత్రిలోనే ఉంటుంది. తలసీమియా బిడ్డకు రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కాలి, లాక్‌డౌన్‌లో రక్తదాన శిబిరాలే ఆగిపోయాయి. క్యాన్సర్ మందుల వరస మధ్యలో తెగితే మొదటికొస్తుంది. 79 దేశాల్లో 213 పిల్లల క్యాన్సర్ కేంద్రాలను పరిశీలించినప్పుడు, కొత్త కేసులు ఉండాల్సిన దానికంటే తక్కువగా బయటపడ్డాయని 43 శాతం, వైద్యం మధ్యలో మానేసిన పిల్లలు పెరిగారని 34 శాతం చెప్పాయి. క్యాన్సర్ తగ్గడానికి కారణమేదీ లేదు, కనిపెట్టడమే తగ్గింది. పైగా బిడ్డ తనంతట తాను ఆస్పత్రికి రాలేడు. తల్లికి అనుమానం రావాలి, తండ్రి ఒప్పుకోవాలి, బస్సు దొరకాలి. హైదరాబాద్ నీలోఫర్‌కు వచ్చే పసిపిల్లల్లో చాలామంది జిల్లాల నుంచి వస్తారు. 2020 మార్చి చివర్లో బస్సులూ రైళ్లూ ఆగినప్పుడు ఆ దూరం ఒక్కసారిగా పదింతలైంది. నెమ్ముతో డొక్కలు ఎగరేస్తున్న బిడ్డకు ఆ దూరమే ఒక జబ్బు.

ఇదంతా జరిగాక చెప్పే తెలివి అని కొందరు అనవచ్చు. ఆ రోజుల్లో మాస్కులకే కరువు, డాక్టర్లకూ సిస్టర్లకూ సోకితే వార్డే మూతపడుతుంది, ఓపీలు ఆపక గత్యంతరం లేదు అన్నది వాళ్ల వాదన. మొదటి నెల వరకు దీనికి తిరుగులేదు. కానీ ఇటలీ వైద్యులు తమ పన్నెండు మంది పిల్లల సంగతి ఆ వసంతంలోనే అచ్చులో పెట్టారు. బ్రిటన్‌లో పిల్లల వైద్యుల రాయల్ కాలేజీ లాక్‌డౌన్ మధ్యలోనే తల్లిదండ్రుల కోసం ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో ఒక పోస్టరు విడుదల చేసింది. ఈ లక్షణాలుంటే వెంటనే రండి, ఇవైతే ఫోన్ చేయండి, ఇవైతే ఇంట్లోనే చూసుకోండి అని. అలాంటి కాగితం మన ఊళ్లలో ప్రతి ఆశా కార్యకర్త చేతిలో, ప్రతి కిరాణా కొట్టు గోడ మీద ఉండి ఉంటే, ‘పాలు పట్టకపోతే, డొక్కలు ఎగరేస్తుంటే, ఫిట్స్ వస్తే, రోజంతా ఒంటికి పోయకపోతే కరోనా సంగతి మర్చిపోయి బయలుదేరండి’ అని నాలుగు ముక్కలు రాసి ఉంటే దానికి పెద్ద ఖర్చేమీ లేదు. ‘ఇల్లు కదలొద్దు’ అన్న మాట మాత్రం ఫోన్ కాలర్ ట్యూన్లలో కూడా మోగింది. ఇక సిబ్బందికి సోకే భయానికి జవాబు ఓపీ మూసేయడం కాదు, రెండు దారులు చేయడం. జ్వరం, దగ్గు ఉన్న పిల్లలు ఒక ద్వారం నుంచి, లేనివాళ్లు మరో ద్వారం నుంచి. పాత రోగుల జాబితా తీసి ఇంటికి ఫోన్ చేయడం, ఇన్సులిన్ వాడే పిల్లలకు నెలకు బదులు మూడు నెలల మందు ఒకేసారి ఇవ్వడం. (కమిటీ వేయడం సులువు, క్యూ లైను మార్చడం కష్టం అని ప్రభుత్వ ఆస్పత్రి గురించి తెలిసినవాళ్లందరికీ తెలుసు.) 2020 ఏప్రిల్‌లో మొదలైన ఈ-సంజీవని ఓపీ కొంత ఆదుకుంది. బిడ్డ ఊపిరి ఎలా పీలుస్తున్నాడో వీడియోలో చూడవచ్చు, నిమిషానికి ఎన్నిసార్లో లెక్కపెట్టవచ్చు. అయితే స్టెతస్కోపు ఆ వీడియోలోంచి దూరదు, వీడియో పలికే ఫోను తండ్రి జేబులో పొలానికి వెళ్లి ఉంటుంది.

పిల్లల మంచాలను పెద్దలకు ఇచ్చేయడం గురించి కూడా తీర్పు చెప్పడం అంత సులువు కాదు. న్యూయార్క్ బ్రాంక్స్‌లో మాంటిఫియోర్ పిల్లల ఆస్పత్రి తన పిల్లల ఐసీయూలో పెద్దవాళ్లను చేర్చుకుంది. పసివాళ్ల మోతాదులు కిలోల లెక్కన వేసే డాక్టర్లు రాత్రికి రాత్రి బీపీ, షుగరు, గుండెజబ్బు ఉన్న నడివయసు మనుషులను చూడాల్సి వచ్చింది. లండన్‌లో గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆస్పత్రి ఉత్తర లండన్‌లోని ఇతర ఆస్పత్రుల పిల్లలను తన దగ్గరకు తీసుకుని, అక్కడి మంచాలను పెద్దల కోసం ఖాళీ చేయించింది. చుట్టూ మనుషులు ఊపిరాడక పోతుంటే ఖాళీ మంచాన్ని పిల్లల పేరు మీద అట్టిపెట్టుకోవడం న్యాయం కాదు, మంచాలు ఇచ్చేసినవాళ్లను తప్పుపట్టలేం. అయితే ఈ రెంటిలో రెండో పద్ధతి మేలనిపిస్తుంది. అందులో పిల్లలకు ఒక చోటంటూ మిగిలింది. పిల్లల వార్డు తగ్గించడం ఒక ఎత్తు, ఏది తెరిచి ఉందో ఇంట్లో ఉన్న తల్లికి తెలియకపోవడం మరొక ఎత్తు. అర్ధరాత్రి ఆటోలో బయలుదేరిన మనిషి మొదటి గేటు దగ్గర ‘ఇది కోవిడ్ ఆస్పత్రి, లోపలికి రాకండి’ అన్న మాట వింటే రెండో గేటు దాకా అందరూ వెళ్లరు.

తల్లీబిడ్డల విషయంలో వైద్యశాస్త్రం కొన్ని నెలలపాటు దారి తప్పింది. దానికో పాత చరిత్ర ఉంది. ఇంగ్లండ్‌లో 1950ల దాకా ఆస్పత్రిలో ఉన్న పిల్లలను తల్లిదండ్రులు వారానికి కొన్ని గంటలే చూడనిచ్చేవారు. బయటి నుంచి అంటురోగాలు తెస్తారన్నది సాకు. 1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ ఒక రెండేళ్ల పాప ఆస్పత్రిలో ఒంటరిగా గడిపిన రోజులను సినిమాగా తీశాక, 1959లో ప్లాట్ కమిటీ నివేదిక వచ్చాక ఆ తలుపులు మెల్లగా తెరుచుకున్నాయి. మన ప్రభుత్వ వార్డుల్లో ఆ తలుపు ఎన్నడూ అంత గట్టిగా మూసుకోలేదు. ఉగ్గుగిన్నెతో పాలు పోసేదీ, జ్వరానికి తడిగుడ్డతో ఒళ్లు తుడిచేదీ, సెలైన్ అయిపోతోందని సిస్టర్‌ను కేకేసేదీ తల్లే. ఆమెను తీసేస్తే వార్డు సగం ఆగిపోతుంది. 2020 మొదట్లో మాత్రం అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ కరోనా ఉన్న తల్లి నుంచి పుట్టిన బిడ్డను వేరు చేయాలంది, జూలైలో ఆ సలహా మార్చుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటి నుంచీ తల్లి దగ్గరే ఉంచమంది. సోకుతుందన్న భయం అర్థం లేనిది కాదు. దాన్ని ఎదుటి ప్రమాదంతో తూచాలి. నెలలు నిండని బిడ్డలను తల్లి గుండెకు హత్తి ఉంచే కంగారూ పద్ధతి అందరికీ అందితే తక్కువ, మధ్యాదాయ దేశాల్లో 1,25,000కు పైగా శిశువులు బతుకుతారని, హత్తుకోవడం వల్ల కరోనా సోకి పోయే ప్రాణాలు 2,000 లోపేనని 2021లో ఒక అంచనా వచ్చింది. అదే ఏడాది ఢిల్లీ సఫ్దర్‌జంగ్‌తో సహా అయిదు దేశాల ఆస్పత్రుల్లో జరిగిన పరిశోధన ఫలితాలూ వెలువడ్డాయి. రెండు కిలోలు కూడా లేని బిడ్డలను, వార్మర్‌లో ఉంచి కుదుటపడేదాకా ఆగకుండా, పుట్టిన వెంటనే తల్లి ఒంటికి హత్తితే మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. తల్లికి మాస్కు ఇచ్చి బిడ్డను ఆమె దగ్గరే ఉంచడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

కొత్త జబ్బును పూర్తిగా పక్కన పెట్టమని దీని అర్థం కాదు. పిల్లల్లో కరోనా తన అసలు రూపం చూపించింది వైరస్ సోకి మూడు నాలుగు వారాలయ్యాక. ఇటలీలోని బెర్గామోలో 2020 ఫిబ్రవరి 18 నుంచి ఏప్రిల్ 20 లోపు కవాసాకి జబ్బులాంటి లక్షణాలతో పదిమంది పిల్లలు వచ్చారు. అంతకు ముందు అయిదేళ్లలో అక్కడ అలాంటివాళ్లు 19 మందే. లండన్‌లో ఏప్రిల్ మధ్యలో పది రోజుల్లో ఎనిమిది మంది వచ్చారు. కవాసాకి జబ్బు అంటే జపాన్ డాక్టర్ తొమిసాకు కవాసాకి 1961లో మొదటిసారి గుర్తించి 1967లో రాసినది. సరిగ్గా దాని నీడలాంటి మరో జబ్బు ప్రపంచమంతా తిరుగుతున్న 2020 జూన్‌లోనే ఆయన కన్నుమూశారు. మిస్-సి అని పేరు పెట్టుకున్న ఆ నీడను పట్టుకున్నది ఖరీదైన యంత్రం కాదు. తమ వార్డుకు ఏడాదికి ఇలాంటి కేసులు ఎన్ని వస్తాయో తెలిసిన డాక్టర్లు ‘ఇవి ఎక్కువయ్యాయే’ అని ఒకరికొకరు చెప్పుకోవడం వల్ల దొరికింది. మన దగ్గర ఆ పని ఇంకా కష్టం. ఆగస్టు, సెప్టెంబరుల్లో జ్వరం, ఒంటి మీద దద్దుర్లు, కడుపునొప్పి, ప్లేట్‌లెట్లు తగ్గడం అంటే ఇక్కడి డాక్టరుకు ముందు తోచేది డెంగీ, తర్వాత స్క్రబ్ టైఫస్. పొరపాటు పడితే నష్టం చిన్నది కాదు. డెంగీ షాక్‌లో సెలైన్ ఎక్కించడమే వైద్యం, మిస్-సిలో గుండె కండరం నీరసించి ఉంటుంది కాబట్టి అదే సెలైన్ ఎక్కువైతే బిడ్డ ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఈ తేడా తెలిసేది రోజూ డెంగీ పిల్లలను చూసే చేతులకే. మామూలు ఓపీ నడుస్తూ ఉంటేనే కొత్త జబ్బు కూడా కంటబడుతుంది.

రెండో వేవ్ నలిపేసిన 2021 మే, జూన్ నెలల్లో మన దేశంలో మూడో వేవ్ పిల్లల మీద పడుతుందన్న మాట ఊరూరా పాకింది. మొదటిది ముసలివాళ్లను, రెండోది వయసులో ఉన్నవాళ్లను తీసుకెళ్లింది, ఇక మిగిలింది పిల్లలేనన్న లెక్క అది. పెద్దలకు టీకాలు పడుతున్నాయి, పిల్లలకు లేవు కాబట్టి అన్నది కొంచెం మెరుగైన లెక్క. దానికి ఆధారాలు లేవని అప్పటి ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా పదేపదే చెప్పారు. కేంద్రం జూలై 8న 23,123 కోట్ల రూపాయల ప్యాకేజీకి ఆమోదం తెలిపింది. అందులో 736 జిల్లాల్లో పిల్లల యూనిట్లు పెట్టడం, రాష్ట్రానికొక పిల్లల వైద్య ప్రావీణ్య కేంద్రం ఏర్పాటు చేయడం ఉన్నాయి. పన్నెండు రోజుల తర్వాత ఐసీఎంఆర్ నాలుగో సర్వే ఫలితాలు వచ్చాయి. ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో 57.2 శాతం, పది నుంచి పదిహేడేళ్లవాళ్లలో 61.6 శాతం మంది రక్తంలో అప్పటికే వైరస్ ప్రతిరక్షకాలు ఉన్నాయి. సగం మందికి పైగా పిల్లలకు ఎప్పుడో వచ్చింది, చాలామందికి వచ్చినట్టు కూడా తెలియకుండా పోయింది. మూడో వేవ్ మరుసటి జనవరిలో ఒమిక్రాన్ రూపంలో వచ్చింది, పిల్లలను వెతుక్కుంటూ మాత్రం రాలేదు. ఈలోపు ఆగస్టు చివర ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్‌లో పదుల సంఖ్యలో పిల్లలు చనిపోయారు. అక్కడ చంపింది ఎక్కువగా డెంగీ. దేశమంతా ఒక గుమ్మం దగ్గర కర్ర పట్టుకుని నిలబడితే పాత శత్రువు దొడ్డి గుమ్మంలోంచి వచ్చింది.

మరి ఆ డబ్బంతా వృథాయేనా? కాదు, ఇక్కడ ప్రభుత్వం తరఫున వాదన బలంగానే ఉంది. జిల్లా ఆస్పత్రికి వచ్చిన ఆక్సిజన్ పైపు కరోనాకే పని చేస్తానని మొరాయించదు, నెమ్ముకూ పని చేస్తుంది. పిల్లల ఐసీయూ అంటే హైదరాబాదో విశాఖో అనుకునే జిల్లాల్లో నాలుగు మంచాలు వచ్చినా లాభమే. చిక్కల్లా మంచం కొనడం ఒక్క సంతకంతో అవుతుంది, ఆ మంచం పక్కన రాత్రంతా నిలబడే సిస్టర్ తయారవడానికి ఏళ్లు పడుతుంది. పిల్లల ఐసీయూలో ఒక్కో సిస్టర్‌కు ఒకరిద్దరు పిల్లలే ఉండాలి. పసిబిడ్డ చేతికి సన్నని సూది పెట్టడం, గంటకు ఇన్ని చుక్కలని మందు సాగేలా చూడడం పెద్దల వార్డు నుంచి బదిలీ మీద వచ్చినవాళ్లకు వారం శిక్షణతో పట్టుబడదు. అసలు ఐసీయూ అన్నదే ఇలాంటి పిల్లల రోగపు విలయంలోనే పుట్టింది. 1952 ఆగస్టులో కోపెన్‌హాగన్‌లో పోలియో చెలరేగి బ్లెగ్‌డామ్ ఆస్పత్రికి ఊపిరి కండరాలు చచ్చుబడ్డ పిల్లలు వరసకట్టారు. మొదటి 31 మంది రోగుల్లో 27 మంది పోయారు. ఊపిరి పోసే ఇనుప పెట్టె అక్కడ ఒక్కటే. మత్తుమందు వైద్యుడు బియోర్న్ ఇబ్సెన్ గొంతుకు రంధ్రం చేసి, గొట్టం పెట్టి, రబ్బరు సంచి నొక్కుతూ ఊపిరి అందించాలన్నాడు. ఆ సంచిని రాత్రింబవళ్లు వంతులవారీగా నొక్కింది సుమారు 1,500 మంది వైద్య, దంత వైద్య విద్యార్థులు. మరణాలు సగానికి పడిపోయాయి. అక్కడ కొన్న మంచాలూ లేవు, యంత్రాలూ లేవు, చేతులున్నాయి. 736 జిల్లాల పథకంలో ఎవరైనా తనిఖీకి వెళ్తే ఎన్ని మంచాలున్నాయని అడగడం మాని, రాత్రి రెండు గంటలప్పుడు ఎవరున్నారని అడగాలి.

ఇంకో సంగతి, మహమ్మారి పిల్లల జబ్బుల పంచాంగాన్ని కూడా తారుమారు చేస్తుంది. పసిపిల్లలకు ఆయాసం తెచ్చే ఆర్‌ఎస్‌వీ వైరస్ పశ్చిమ ఆస్ట్రేలియాలో 2020 శీతాకాలంలో దాదాపు మాయమైంది, ఏడాది చివర మండువేసవిలో విరుచుకుపడింది. అమెరికాలో 2021 ఎండాకాలంలో, మళ్లీ 2022 చివర ఫ్లూతో కలిసి వచ్చి పిల్లల ఆస్పత్రులను నింపేసింది. రెండేళ్లు ఏ వైరస్సూ తగలని పిల్లలంతా ఒకేసారి దాని ముందు పడ్డారు. డాక్టర్ల సెలవులూ, మందుల ఇండెంట్లూ ఇప్పటికీ పాత రుతువుల ప్రకారమే నడుస్తున్నాయి. మనసు సంగతి సరేసరి. అమెరికాలో 2020 ఏప్రిల్, అక్టోబర్‌ల మధ్య ఎమర్జెన్సీకి వచ్చిన 12 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో మానసిక సమస్యలతో వచ్చినవాళ్ల వాటా 31 శాతం పెరిగింది. మన ఆస్పత్రుల్లో ఆ లెక్క రాసే రిజిస్టరు ఎన్నిచోట్ల ఉందన్నదే ముందు ప్రశ్న.

టీకాల లెక్క మాత్రం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ అంచనా ప్రకారం డీపీటీ మొదటి డోసు కూడా పడని పిల్లలు మన దేశంలో 2019లో 14 లక్షలు, 2020లో 30 లక్షలు. ఆ టీకా ఆపే కోరింత దగ్గు, కంఠసర్పి (డిఫ్తీరియా) అన్న మాటలు చాలామంది కుర్ర తల్లులకు తెలియవు. హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆస్పత్రి వార్డుకు మాత్రం కంఠసర్పి కొత్త చుట్టం కాదు. వదిలేసిన డోసులకు మొదటి బిల్లు తట్టు పంపింది. 2022 అక్టోబరు, నవంబరుల్లో ముంబయిలోని గోవండి మురికివాడల్లో తట్టు లేచి పిల్లల ప్రాణాలు తీసింది. కరోనా కోసం పేరుబడ్డ కస్తూర్బా ఆస్పత్రి మంచాల మీదికి ఈసారి తట్టు పిల్లలు వచ్చారు. తర్వాతి ఏళ్లలో తప్పిన పిల్లలను వెతికి సూదులు వేశారు, ఆ అంకె తగ్గింది కూడా. అయినా ఆ వెతుకులాటకూ గడువుంది. జాతీయ టీకాల పట్టిక ప్రకారం తప్పిపోయిన తట్టు టీకా అయిదేళ్లు నిండేదాకా, డీపీటీ ఏడేళ్లు నిండేదాకా వేయవచ్చు. 2020లో పుట్టిన పిల్లలు 2025లో మొదటి గడువు దాటారు. ఇప్పుడు బడి బెంచీల మీద ఉన్నారు. వాళ్ల టీకా కార్డులో ఏ గడి ఖాళీగా ఉందో బడిలో చేర్చుకున్నప్పుడు చాలాచోట్ల ఎవరూ అడగలేదు.